కరీమున్నీసా చేతిరాత

ఆదోనిలో మా వీధి ఆడవాళ్ళ క్లబ్బుకు నెలనెలా ఒక కాగితం తీయాలన్న ఆలోచన గంగాబాయిది. తీసింది మాత్రం కరీమున్నీసా. ఇద్దరూ మునిసిపల్ బడిలో ఒకే బెంచీ మీద కూర్చుని ఏడో తరగతి దాకా చదువుకున్నారు. గంగాబాయి క్లబ్బుకు అధ్యక్షురాలు, ఇల్లు రైలు గేటు అవతల. కరీమున్నీసా తన ఇంటి వసారాలో వీధి ఆడవాళ్ళకు కుట్టుపని నేర్పేది.

ఇది 1979 నాటి మాట. పిల్లలకు సూదులు ఎప్పుడేస్తారో, రేషన్ చక్కెర ఎప్పుడొస్తుందో, కుట్టు క్లాసు ఏ పూటో గడప దాటని ఆడవాళ్ళకు తెలిసేది కాదు. ప్రెస్సులో అచ్చు వేయించే స్తోమత క్లబ్బుకు లేదు. ఎమ్మిగనూరులో గంగాబాయి అన్న శ్రీపాదరావు పనిచేసే ఆఫీసులో సైక్లోస్టైల్ మిషను ఉంది. మైనం పూసిన స్టెన్సిల్ కాగితం మీద రాసి తెస్తే కాపీలు తీసిస్తానన్నాడు ఆయన.

ఎట్లా రాయాలో చెప్పేవాళ్ళే లేరు. కరీమున్నీసా సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో రాసింది. మొదటిది చినిగిపోయింది. రెండోది నిలిచింది గానీ, మిషనులో తిప్పితే సున్నాలన్నీ నల్లటి మచ్చలై వచ్చాయి. గుండ్రంగా గీసినచోటల్లా మైనం ముక్క తెగి ఊడిపోయింది.

"మన తెలుగంతా సున్నాలే కదన్నా, యాడని తప్పించుకునేది?" అంటూ ఆమె శ్రీపాదరావు వైపు చూసి నవ్వింది.

ఇంటికొచ్చి వేళ్ళు నొప్పిపుట్టేదాకా రాసి చూసుకుంది. సున్నా చుట్టి చివర వెంట్రుకవాసి తెరిచి వదిలితే మచ్చ పడదని తనే కనిపెట్టింది. ఆ నోరు తెరిచిన అక్షరాలను వీధంతా గుర్తుపట్టేది. క్లబ్బు పేరు ఎవరూ అనేవాళ్ళు కాదు, 'కరీమున్నీసా కాగితం' అనేవాళ్ళు. అందులో ఉందంటే నిజమే అని నమ్మేవాళ్ళు.

మూడేళ్ళ తర్వాత ఆమెకు మళ్ళీ నెలలు నిండొచ్చాయి. "నువ్వు కాన్పుకు పోతే కాగితం ఆగిపోతుంది కరీమూ, నాకూ నేర్పు" అంది గంగాబాయి. కరీమున్నీసా పక్కన కూర్చోబెట్టుకుని, చేయి పట్టుకుని మరీ నేర్పింది. సున్నా యాడ తెరవాలో కూడా చూపించింది. తర్వాత, అప్పటికి నందవరం మారిన పుట్టింటికి పోయింది.

చంటిబిడ్డతో తిరిగొచ్చిన రోజు, ఎదురింటి రహమత్ బీ బిడ్డ మొహమైనా చూడకుండా తలుపేసుకుంది. ఆ ముసలామె కరీమున్నీసా వసారాలోనే రవికలు కుట్టడం నేర్చుకుంది. కరీమున్నీసా పోయి తలుపు తట్టింది.

"ఏమైందమ్మా?"

"ఏమైందని నన్నడుగుతాండావా? ఇంక మాకు నేర్పడం చేతకాదని రాస్తివి. గంగాబాయి ఇంటికి పొమ్మంటివి. రైలు గేటు అవతలికి మా మొగోళ్ళు పంపిస్తారా? చెప్పేదేదో మొహాన చెప్పకూడదా?"

లోపలినుంచి క్లబ్బు కాగితం తెచ్చి చేతిలో పెట్టింది. కుట్టు క్లాసు ఆపేస్తున్నానని, అందరూ గంగాబాయి ఇంటికి పోవాలని రాసి ఉంది. కింద కరీమున్నీసా అని సంతకం. సున్నాలన్నీ తెరిచే ఉన్నాయి. తానే రాసి మర్చిపోయినానా అని ఒక్క క్షణం ఆమెకే అనుమానం వచ్చింది.

బిడ్డను ఎత్తుకుని అట్లే గంగాబాయి ఇంటికి పోయింది. నడిమింట్లో రెండు కొత్త కుట్టుమిషన్లున్నాయి.

"సర్కారోళ్ళు ఇచ్చినారు" అంది గంగాబాయి. "క్లాసు ఒకేచోట ఉంటేనే ఇస్తామన్నారు. నువ్వేమో ఊర్లో లేకపోతివి."

"నందవరం ఎంత దూరం గంగా? బస్సెక్కి వచ్చి ఒక మాట అడగకూడదా?"

"అడిగితే ఒప్పుకుంటావా?"

కరీమున్నీసా బిడ్డను ఇంకో భుజానికి మార్చుకుంది.

"దానికోసం నా రాత నేర్చుకుంటివా? నా పేరే పెడితివా?"

"నువ్వు చెప్తేనే వాళ్ళు వింటారు. నా పేరు పెడితే ఎవరొస్తారు?"

"అయితే నేను రాయలేదని వచ్చే కాగితంలో వెయ్యి."

"అట్లా వేస్తే క్లబ్బు పరువేం కావాల?" అని గంగాబాయి లేచి వంటింట్లోకి పోయింది.

మర్నాడు కరీమున్నీసా తనే ఆ మాట ఒక స్టెన్సిల్ మీద రాసుకుని ఎమ్మిగనూరు బస్సెక్కింది. శ్రీపాదరావు చదివి మడిచి తిరిగిచ్చేశాడు.

"చెల్లెలి మాట కాదని నేను తిప్పలేనమ్మా."

"పోయిన నెలది నా రాత కాదని నీకు తెలుసా అన్నా?"

ఆయన తలెత్తలేదు. "తెలుసు" అన్నాడు.

తిరుగు బస్సులో బిడ్డకు పాలిస్తూ కొంగు కప్పుకుని ఏడ్చింది. అన్నా అని పిలిచిన మనిషి, అంతా తెలిసే కాపీలు తీసినాడు.

ఆ వారమంతా బిడ్డను చంకనేసుకుని ఇల్లిల్లూ తిరిగి, అది తాను రాసింది కాదని చెప్పింది. కొందరు నమ్మారు. "నీ రాత మాకు తెలియదా" అన్నారు కొందరు. రహమత్ బీ అంతా విని, "సరే, మళ్ళీ మొదలుపెట్టు" అంది. కరీమున్నీసా తన పాతమిషను మీదే మొదలుపెట్టింది. మునుపటంతమంది మాత్రం రాలేదు. క్లబ్బు కాగితం ఇంకో రెండేళ్ళు అదే రాతతో వచ్చింది. కరీమున్నీసా దాన్ని ముట్టుకోలేదు.

1984లో క్లబ్బు వార్షికోత్సవానికి పిలవడానికి గంగాబాయి వచ్చింది. వసారాలో చాప పరిచి, టీ ఇచ్చి కూర్చోబెట్టింది కరీమున్నీసా.

"పాతవి మనసులో పెట్టుకోవద్దు కరీమూ" అంది గంగాబాయి.

"నా పేరుతో ఇంకెప్పుడూ ఏమీ రాయొద్దు. అంతే."

గంగాబాయి తలూపి, టీ తాగి, ఆహ్వానం చాప మీద పెట్టి వెళ్ళిపోయింది. కరీమున్నీసా పోలేదు. వార్షికోత్సవం నాటి సాయంత్రం క్లబ్బు మైకు మా వీధికి కూడా వినిపించింది. ఆమె వసారాలో కూర్చుని, ఎవరిదో రవికకు చేతులు అతుకుతా ఉంది.