ఇవ్వకపోతే ఏమవుతుంది?

మా అత్తయ్య, అంటే నాన్నకు అక్క, ఒక ధర్మనిధి ఆఫీసులో పనిచేసేది. సాయం అడిగినవాళ్ల దగ్గరికి వెళ్లి, చూసి, ఎవరికిస్తే ఎక్కువ మేలో రాసివ్వడం ఆవిడ ఉద్యోగం. అడిగేవాళ్లు బోలెడు, ఉన్నది కాస్త. "ఇస్తే ఏం చేస్తారు?" అని ఎవరైనా అడుగుతారు. ఆవిడ మాత్రం "ఇవ్వకపోతే ఏమవుతుంది?" అనేది. ఆఫీసులో 'ఇవ్వకపోతే మేడమ్' అని పేరు పడిపోయింది.

ఆ ప్రశ్న ఒకరోజు నా నెత్తినే పడింది. బట్టలు కుట్టే ఫ్యాక్టరీ వెనక సందులో, అక్కడి తల్లులు పనికెళ్తే వాళ్ల పిల్లల్ని చూసుకునే ఇల్లు నాది. పాలు తాగే పసివాళ్లను చూసే ఆయాకు జీతం కావాలని అర్జీ పెట్టాను. నేను మేనకోడలినని తెలిసీ, మొహమాటం లేనిది ఆవిడకేనని ఆవిడనే పంపారు. ఖర్మ!

వచ్చి, చాప మీద కూర్చుని, ఉయ్యాలలన్నీ చూసి, నేనెవరో తెలియనట్టు అడిగింది.

"మేం ఇవ్వకపోతే ఏమవుతుంది?"

నాకు ఒళ్లు మండింది. "ఏమవుతుంది? నా తిప్పలేవో నేను పడతా. మూసేస్తాననుకున్నావా?"

"మూయవా?"

"చచ్చినా మూయను!"

"సరే" అని లేచి వెళ్లిపోయింది.

ఆ డబ్బు, కాళ్లు పోయినవాళ్లకు పెట్టుడు కాళ్లు చేసే వర్క్‌షాపుకు వెళ్లింది. ఇవ్వకపోతే అది మూతపడేదట. నాది ఎలాగూ నడుస్తుందట. కాస్త పౌరుషంగా మాట్లాడినందుకు ఇదా శిక్ష? జీతం లేక ఆయా మానేసింది. పెద్ద పిల్లలు సరే, పసివాళ్లను మాత్రం ఇక ఉంచుకోలేనని తల్లులకు చెప్పాను. ఒకావిడ గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. ఆమె పని పోయింది. నేను అత్తయ్యతో మాటలు మానేశాను.

రిటైరైన మర్నాడు పొద్దున్నే అత్తయ్య వచ్చింది. ఉయ్యాలలు మడిచి మూలన పెట్టి ఉన్నాయి.

"పసివాళ్లేరే?"

"ఆయా లేక పంపేశాను. ఒకావిడ ఈ గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. నువ్వు రాసినట్టే ఇల్లు నడుస్తోందిగా, ఇంకేం కావాలి?" అన్నాను కచ్చగా.

ఆవిడ ఆ మూలకు నడిచింది. "మూస్తావా అని అడిగాను. మూయకపోయినా ఎవరు బయటే ఉండిపోతారో అడగలేదే. పొరపాటే. ఆ వర్క్‌షాపుకి ఇచ్చినందుకు మాత్రం బాధపడను, అక్కడ నడవలేనివాళ్లు నడుస్తున్నారు."

కోపం పోలేదు గానీ, కాదనలేకపోయాను.

చేతులు కడుక్కొచ్చి ఒక ఉయ్యాల విప్పింది. "ఆ ఏడ్చినావిడ ఇల్లెక్కడే? రేపట్నుంచి పిల్లను తీసుకురమ్మను. నేనుంటానని చెప్పు."

"నీకు జీతం ఇవ్వలేను అత్తయ్యా."

"ఇవ్వకపోతే ఏమవుతుందే?" అంటూ ఉయ్యాల కట్టడం మొదలుపెట్టింది.