గుండీల డబ్బాలో ప్రసంగం

మా బావ దర్జీ. అంతకన్నా ముందు కబుర్ల పుట్ట. కొలత తీసుకుంటూ మొదలుపెట్టిన కథ, చొక్కా కుట్టి ఇచ్చేరోజుకి గానీ పూర్తయ్యేది కాదు. నేను ఆ కొట్లోనే ఇస్త్రీ చేసేవాణ్ణి కాబట్టి, పెట్టె వేడితో పాటు ఆ కథల్నీ భరించాను. ఏ కథయినా ఒకే మాటతో ముగించేవాడు: "కుట్టు ఊడిందని గుడ్డ పారేస్తామా? మళ్ళీ కుట్టుకుంటాం."

"అబ్బ, విని విని చెవులు చిల్లులు పడ్డాయండీ!" అని మా అక్క లోపల్నించి అరిచేది. అరుస్తూనే, చేతిలో పని ఆపి వినేది. ఆ సంగతి బావకి తెలుసు. ఆయన నోరు తెరిచేదే ఆ చెవుల కోసం.

యుద్ధం వచ్చింది. వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు సైన్యంలోకి వెళ్ళాడు. అక్క కంచం ముందు కూర్చుని, రెండు ముద్దలు కెలికి లేచిపోయేది. బావ ఎన్ని కబుర్లు చెప్పినా ఊఁ కొట్టడం కూడా మానేసింది. అప్పుడు మొదలయ్యాయి రేడియోలో ప్రసంగాలు.

దేశాన్ని నడిపే మనిషిని మేమందరం పెద్దాయన అనేవాళ్ళం. "నా ఇంటివాళ్ళారా" అని మొదలుపెట్టేవాడు. శత్రువు ఎంత దగ్గరికొచ్చాడో దాచేవాడు కాదు. ఒక్కో మాటా చెప్పి ఆగేవాడు, మనం మింగడానికి టైమిస్తున్నట్టు. ఎదురు టీకొట్టు రేడియో ముందు వీధి వీధంతా మూగేది. వచ్చేటప్పుడు తలలు వేలాడేసుకుని వచ్చినవాళ్ళు, పోయేటప్పుడు ఒకరి భుజం ఒకరు తట్టుకుంటూ పోయేవాళ్ళు. అక్క కూడా వెళ్ళేది. తిరిగొచ్చి కడుపునిండా తినేది.

"ఆయన మాట వింటే గుండెదడ తగ్గుతుందిరా తమ్ముడూ," అంది ఓసారి, బావ వింటూండగానే.

ఇంకేముంది, బావకి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇంటివాళ్ళారా అట! ఎవడి ఇంటివాళ్ళురా? నా పెళ్ళాం నీకెప్పుడు ఇంటిదైందిరా?" అని రేడియో ఉన్న దిక్కుకి తిరిగి అరిచాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, మిషను తొక్కుడుపలక విరిగేలా తొక్కాడు. దేశాధినేతతో సవతిపోరు పడ్డ మగవాణ్ణి నా బతుకులో మా బావనొక్కణ్ణే చూశాను.

అంతటితో ఆగాడా? గుండీల డబ్బా ఖాళీ చేసి, మూతి దగ్గర పెట్టుకుని, పెద్దాయన గొంతుని అనుకరించేవాడు. అచ్చం రేడియోలోంచి వచ్చినట్టే ఉండేది. "నా ఇంటివాళ్ళారా... ఈ దర్జీ... మీ పైజామాలు... ఇంకా కుట్టలేదు." మేం పడీపడీ నవ్వేవాళ్ళం. అక్క మాత్రం నవ్వేది కాదు. "మీకెందుకండీ ఆ కుళ్ళు?" అనేది.

ఓ సాయంత్రం ప్రసంగం వేళకే సైరన్ మోగింది. టీకొట్టాయన బ్యాటరీ రేడియో చంకలో పెట్టుకుని దిగితే, వీధంతా ఆయన వెనకే మూలనున్న గోదాము నేలమాళిగలోకి దిగాం. బావ కొట్లోంచి ఏది చేతికందితే అది సంచిలో కుక్కుకొచ్చాడు. దీపం ఆరిపోయింది. పైన బాంబులు పడుతున్నాయి, గోడల మన్ను తల మీద రాలుతోంది. రేడియో బుస్సుమంటోంది తప్ప మనిషి గొంతు లేదు.

"ఆయన మాట్లాడడా? పోయాడా ఏంటి?" అన్నారెవరో. ఒకావిడ ఘొల్లుమంది. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "తమ్ముడూ, ఆయనే లేకపోతే నా బిడ్డ గతేంటిరా?"

బావ రేడియో పక్కనే కూర్చుని ఉన్నాడు. సంచి కదిలిన చప్పుడైంది. ఆ వెంటనే చీకట్లోంచి, "నా ఇంటివాళ్ళారా..."

ఏడుపులు టక్కున ఆగాయి.

"భయంగా ఉందా... ఉండనివ్వండి... నాకూ ఉంది." ఏం చెప్పాడనుకున్నారు! వెక్కిరింపు ఒక్క ముక్క లేదు. చెప్పీ చెప్పీ, చివర్లో అలవాటు కొద్దీ జారాడు: "కుట్టు ఊడిందని... గుడ్డ పారేస్తామా... మళ్ళీ కుట్టుకుంటాం." ఇక దొరికిపోయాడనుకున్నాను. చీకట్లో బావని గట్టిగా గిల్లాను. ఎవరూ పసిగట్టలేదు. అక్క నా చెయ్యి వదిలేసింది.

మర్నాటికల్లా ఆ మాట వీధి గోడ మీదికెక్కింది, పైన పెద్దాయన బొమ్మతో సహా. కూలిన ఇళ్ళ దగ్గర ఇటుకలు ఏరేవాళ్ళు కూడా అదే అనుకుంటూ ఏరుతున్నారు. సొమ్మొకడిది, సోకొకడిది!

"ఏం చెప్పాడండీ మహానుభావుడు!" అంది అక్క.

"అది నేను పెళ్ళయినప్పట్నుంచీ చెప్తున్న మాటే కదే!"

"మీరు చెప్పడమూ, ఆయన చెప్పడమూ ఒకటేనా?"

బావ మొహం మాడిపోయింది. నిజం చెప్పేద్దామా అంటే, ఆ సాయంత్రం పెద్దాయన మాట్లాడనే లేదని వీధంతటికీ తెలిసిపోతుంది, అక్క మళ్ళీ కంచం ముందునుంచి లేచిపోతుంది. కక్కలేక మింగలేక, "ఒరేయ్ బామ్మర్దీ, నా మీద నేనే కుళ్ళుకుంటున్నానురా," అన్నాడు నాతో.

కొన్నాళ్ళకి కబురొచ్చింది. కొడుకు ఉన్న దళం దెబ్బతింది, కుర్రాడి ఆచూకీ లేదు.

ఆ సాయంత్రం ప్రసంగం ఉంది. టీకొట్టు ముందు అక్క కోసం కుర్చీ వేసి ఉంచారు. అక్క వెళ్ళలేదు. కొట్లోకొచ్చి తలుపు వేసింది. అటక మీంచి గుండీల డబ్బా తీసి, గుండీలన్నీ బల్ల మీద పోసి, డబ్బా బావ చేతిలో పెట్టింది.

"ఆ రోజు చెప్పారే, అది చెప్పండి."

బావ డబ్బానీ, అక్కనీ మార్చి మార్చి చూశాడు. "నీకు... ఎలా తెలుసే?"

"రేడియోలో గుండీ గలగలమంటుందా? ఒకటి అడుగున ఉండిపోయింది మీ డబ్బాలో. అప్పుడే తెలిసింది నాకు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"జనం ఆయనని నమ్ముకుని ఉన్నారు, ఉండనివ్వండి అనుకున్నా. నాకు మీరు చెప్పండి."

బావ డబ్బా మూతి దగ్గర పెట్టుకున్నాడు. అక్క డబ్బా తీసి పక్కన పెట్టింది. "మీ గొంతుతోనే."

"కుట్టు ఊడిందని..." అన్నాడు బావ. ఆపైన ఏడుపే. అక్క పక్కన కూర్చుని, "ఊఁ, తర్వాత?" అంది. ఎదురుగా టీకొట్టు ముందు జనం చప్పట్లు కొడుతున్నారు. బావ గెలిచాడు. ఆ గెలుపు పగవాడికి కూడా వద్దు.