ఇద్దరికే చోటున్న పడవ

మా బావ పోయిన సంగతి అక్క ఫోన్ చేసి చెప్పింది. సోమందేపల్లెలో హైవే పక్కన నాది ఎరువుల అంగడి. వేరుశనగ విత్తాల్సిన రోజులు, వాన జాడ లేదు, నేను ఈగలు తోలుకుంటూ కూర్చున్నాను. కార్వార్ రేవు నుంచి అక్క గొంతు. ఏడుపు లేదు. "మీ బావ పోయినాడురా. పొద్దున్నే టీ తాగినాడు, ఎద పట్టేసిందన్నాడు, పడవలోనే ఒరిగిపోయినాడు" అంది. అంగడికొచ్చిన మనుషులు చూస్తున్నారన్న ఇంగితం కూడా లేకుండా ఏడ్చాను. ఉన్నమాట చెప్పాలంటే, కళ్లు తుడుచుకోకముందే నా మనసులో మెదిలిన మాట వేరే. చావడం కూడా సముద్రం మీదే చచ్చాడు మహానుభావుడు, ఆ అదృష్టం కూడా ఆయనకే దక్కింది అనుకున్నాను.

పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. మంచే రాస్తాను, రాయడానికి బోలెడుంది. కుళ్లు లేకుండా రాయమంటే మాత్రం నా వల్ల కాదు.

ఎందుకంటే, సముద్రం పిచ్చి నాది. చిన్నప్పుడు మద్రాసులో ఒకసారి ఒడ్డున నిలబడి చూశాను, అంతే, పట్టుకుంది. మా ఇంట్లో సముద్రం బొమ్మున్న క్యాలెండరు ఏళ్లు గడిచినా దించనివ్వను. ఫోన్లో వీడియోలు చూడటం మొదలుపెట్టాక ఆ పిచ్చి ముదిరింది. పాత ట్రాలర్ యాట్ కొనుక్కుని ముసలి మొగుడూ పెళ్లాలు దేశదేశాలు తిరిగే వీడియోలవి. చేపల పడవ ఆకారం, లోపల వంటిల్లు, పడక, డీజిల్ ఇంజను. నిదానంగా పోతుంది గానీ ఒకసారి ట్యాంకు నింపితే వారాల తరబడి పోతుంది. వానల్లేని సీజన్లో ఎరువుల అంగట్లో ఇంతకంటే చేసే పనేముంది? అవి చూస్తూ కూర్చునేవాణ్ని.

మా బావకు అప్పటిదాకా సముద్రంతో పనే లేదు. ఆయనవి బోర్లు వేసే లారీలు. కర్ణాటక, మహారాష్ట్ర, ఇంకా అవతల ఎక్కడెక్కడో భూమికి తూట్లు పొడుస్తూ తిరిగాడు. ఇంటికి పండగలకొచ్చేవాడు, అదీ అన్ని పండగలకూ కాదు. మోకాళ్లు నొప్పులు పట్టాక లారీలు అమ్మేశాడు. అదే సమయంలో హైవే పక్కనున్న రాళ్ల చేనుకు మంచి ధర పలికింది. దుడ్లు చేతికొచ్చాయి, పని లేదు. రోజూ సాయంత్రం నా అంగడికొచ్చి టీ తాగుతూ కూర్చునేవాడు. నా ఫోన్లోకి తొంగి చూసి, "ఏమప్పా, పొద్దస్తమానం ఆ నీళ్లు చూసి ఏం చేసుకుంటావు?" అని ఎగతాళి చేసేవాడు.

ఒకరోజు ఉన్నట్టుండి అడిగాడు. "ఒరే, దీంట్లో తాగే నీళ్లు ఎన్ని పడతాయి?"

"అదేం ప్రశ్న బావా? ఎంత దూరం పోతుంది, డీజిల్ ఎంత తాగుతుంది, అడుగు గట్టిదా కాదా, అవి అడగాల" అన్నాను.

"దూరం సంగతి తర్వాత. నీళ్లకు అల్లాడేదానికి అంత దూరం పోవాల్నా? ఈడే అల్లాడొచ్చు కదా" అన్నాడు.

వారం తిరక్కుండా, "పా, ఒకటి చూసొద్దాం" అన్నాడు. నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. వీడియోలు చూసి నేర్చుకున్న విద్య అంతా ఆయనకు అప్పజెప్పాను. గోవాలో ఒక తెల్లటి పడవను చూసి, లోపల సోఫాలకు మురిసిపోయి, బావ అప్పటికప్పుడే బయానా ఇచ్చేలా ఉన్నాడు. నీళ్లలోంచి పైకి లేపి అడుగు చూపిస్తే గాని బేరం లేదని నేనే పట్టుబట్టాను. అమ్మేవాళ్లు గొణుక్కుంటూ లేపారు. అడుగంతా బొబ్బలు! ఫైబరులోకి నీళ్లు దిగిపోయాయి. బావ నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు లేకుంటే మునిగిపోయేవాణ్ని కదరా" అన్నాడు. ఆ మాటకు నేను ఎంత ఉబ్బిపోయానో! పడవ ఆయన దుడ్లతో వచ్చినా, తెలివి నాది కాబట్టి అందులో నాకు సగం చోటు ఖాయమని ఆ రోజే నిశ్చయించుకున్నాను.

కొచ్చిలో చూసిన పడవ మాత్రం ఇప్పటికీ నా కలలోకి వస్తుంది. గట్టి అడుగు, శుభ్రమైన ఇంజను, అలలకు ఊగకుండా ఆపే రెక్కలు కూడా ఉన్నాయి. మా బావ ఏ పడవ ఎక్కినా ముందు వంటింట్లోకి పోయి కొళాయి తిప్పి, దోసిట్లో నీళ్లు పట్టి తాగేవాడు. ఇక్కడా తాగాడు. నీళ్ల ట్యాంకు చిన్నదేం అని అడిగాడు. సముద్రపు నీళ్లను మంచినీళ్లుగా మార్చే మిషనుందని, పెద్ద ట్యాంకు అక్కర్లేదని అమ్మేవాడు గర్వంగా చూపించాడు. బావ ముఖం మాడిపోయింది. నన్ను పక్కకు లాగి, "మిషను నీళ్లు పుట్టిస్తాదంటాండాడు. నీళ్లు పుట్టిస్తామనేవాళ్లను నా బతుకంతా చూసినా. పా పోదాం" అన్నాడు. కాళ్లా వేళ్లా పడ్డాను. ఊహూ. బోర్లు ఎండిపోయిన మా సీమ మనిషి తప్ప, ప్రపంచంలో ఇంకెవరూ ఆ కారణానికి ఆ పడవ వదులుకోరు. పెద్ద తప్పు. ఆ తప్పు గురించి ఆయనతో చివరిదాకా పోట్లాడాను.

నీళ్లు పుట్టించేవాళ్ల గురించి ఆయన ఆ మాట ఊరికే అనలేదని కూడా నాకు తెలుసు. నా చేనులో బోరు వేసింది ఆయనే. వేసేముందు ఎవరికీ నీళ్లు పడతాయని చెప్పేవాడు కాదు, "తోడి చూద్దాం" అనేవాడు, అంతే. నా చేనులో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఇంకోచోట వేశాడు, అక్కడా దుమ్మే. మిగతా బోరువాళ్లు గొట్టాలు ఎత్తుకుని ఆ నిమిషమే పోతారు. ఆయన కుర్రాళ్లను లారీతో పంపేసి, తల మీద ఆ తెల్లటి దుమ్ముతోనే నా పక్కన రాయి మీద సాయంత్రం దాకా కూర్చున్నాడు. బీడీలు కాల్చుకున్నాం. అంతటి మనిషి మీద కుళ్లుకోవడమంటే నాకూ ఏమంత సుఖంగా ఉండేది కాదు.

చివరికి మంగళూరులో ఒక పడవ కుదిరింది. కాఫీ తోటలున్న ఒక పెద్దాయనది. కొచ్చి పడవ కాలిగోటికి సరిపోదు. నీళ్ల ట్యాంకు మాత్రం మా ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకు అంత ఉంది. బావ ఇంజను మీద అరచెయ్యి పెట్టాడు. వేడిగా ఉంది. "ముందే స్టార్ట్ చేసి పెట్టినారు, రేపు మేమొచ్చినాక చల్లగా ఉన్నప్పుడు లేపండి, అప్పుడు తెలుస్తాది దీని సంగతి" అని చెప్పి నన్ను వెనక్కి తిప్పాడు. మరుసటి రోజు లేచింది. నది సముద్రంలో కలిసే చోటు దాకా తోలి చూపించారు. గాలి ఎక్కువని అవతలికి పోనివ్వలేదు.

ఇక బేరం. బావ భుజం మీది తువ్వాలు తీసి ఆ పెద్దాయన చేతి మీద కప్పి, కింద నుంచి ఆయన వేళ్లు పట్టుకున్నాడు. ఎద్దుల సంతలో బేరం అట్లాగే కదా, పక్కవాడికి ధర తెలియకూడదు. పెద్దాయన ఉలిక్కిపడి చెయ్యి లాక్కుని, "ఈయనకు ఒంట్లో బాగాలేదా?" అని కన్నడంలో నన్నడిగాడు. నేను విషయం చెప్పాను. ఆయన పగలబడి నవ్వి, తనే చెయ్యి మళ్లీ తువ్వాలు కిందికి తోశాడు. ఇద్దరు ముసలోళ్లు వేళ్లు నొక్కుకుంటూ, తలలు ఊపుకుంటూ ఎంతసేపు నిలబడ్డారో! తువ్వాలు తీసేసరికి పడవ మాదైపోయింది. ఆ ధర ఎంతో నాకు ఈ రోజుకూ తెలియదు. అంత దూరం వెంట తిరిగిన నన్ను కూడా పక్కవాణ్ని చేశాడు.

సరే, నేను దిగమింగుకుని పడవ లోపలికి దిగాను. పడుకునే గది ఒకటే, రెండు పడకలు. కిటికీ వైపు పడక మీద నా బ్యాగు పెట్టాను.

"బ్యాగు తియ్యప్పా" అన్నాడు బావ వెనక నుంచి.

"ఏం, నీకు కిటికీ కావాల్నా?"

"నాకు ఆ పక్క చాలు. ఈడ మీ యక్క పండుకుంటాది."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అక్కా? బస్సెక్కితే పెనుకొండ దాటేలోగా వాంతి చేసుకుంటాది! ఆమెకేం తెలుసు బావా పడవ గురించి?"

"చేసుకోనీ. కడిగేదానికి నీళ్లకు తక్కువా ఈడ?" అన్నాడు. నేను కదలకపోయేసరికి పడక అంచున కూర్చున్నాడు. "రేయ్, నువ్వొస్తే సముద్రం చూసుకుంటా కూచ్చుంటావు. నాకు ఆమెతో కూచ్చునే పని ఉండాది. పెండ్లయినప్పట్నుంచీ లారీల ఎంబడి తిరిగినా గానీ, ఇంట్లో ఎప్పుడు కూచ్చున్న్యా? పడవైతే దిగి యాడికీ పోలేను కదా."

బ్యాగు తీశాను. సొంత అక్క మీద కుళ్లుకునే తమ్ముణ్ని మీరెక్కడైనా చూశారా? నేనే.

బావా అక్కా ఇద్దరూ పడవ నడిపే లైసెన్సు పరీక్ష పాసయ్యారు, అక్కకు ఎక్కువ మార్కులు కూడానట. మంగళూరు నుంచి కొచ్చి దాకా, మళ్లీ పైకి గోవా దాకా తిరిగారు. నిండు ట్యాంకుతో ఆ పడవ గానుగెద్దులా నడిచేది. చేపల పడవలవాళ్లు దాటిపోతూ నవ్వేవాళ్లట. "పోనీ, వాళ్లకు పనుండాది" అనేవాడు బావ. ఏ రేవులో ఆగినా నాకు వీడియో కాల్. "ఏమప్పా, వానొచ్చిందా మన పక్క?" అని మొదలుపెట్టేవాడు. రాలేదని తెలిసే అడుగుతాడు. అక్క వెనక చేపలు వేయిస్తూ ఉండేది. వాంతులు మూడో రోజుకే ఆగిపోయాయట. ఇద్దరూ ఎండకు నల్లబడి, ఒకరి మాటకు ఒకరు అడ్డం వస్తూ, చిన్నపిల్లల్లా కొట్లాడుకుంటూ కనిపించేవారు. నేను ఎరువుల బస్తాల మధ్య నుంచి, "బాగుంది బావా, శానా బాగుంది" అని ఫోన్ పెట్టేసేవాణ్ని. ఆ పూట అన్నం సహించేది కాదు.

పోయిన బావను కార్వార్ నుంచి అంబులెన్సులో ఊరికి తెచ్చాం. జరగాల్సినవన్నీ జరిగాయి. కదిరి నుంచి వచ్చిన వాళ్ల కూతురు, "ఆ పడవ అమ్మెయ్యమ్మా, ఒక్కదానివి ఏం చేసుకుంటావు?" అని రోజూ పోరింది. తర్వాత ఒకరోజు అక్క నా అంగడికొచ్చి, "కార్వార్ పోదాం, రారా" అంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఇప్పుడు ఆ రెండో చోటు ఖాళీ అయింది కదా అని నాకు తోచింది. రెండు జతల బట్టలు బ్యాగులో వేసుకున్నాను.

రేవులో అక్క చెంగు నడుముకు దోపి, అమ్మకం ఊసే ఎత్తకుండా తాళ్లు విప్పింది. ఇంజను లేపి, నల్లపొగ పోయేదాకా ఆగి, రాళ్ల గోడ పక్క నుంచి పడవను బయటికి తిప్పింది. నన్ను ఏ పనికీ పిలవలేదు. స్టీరింగు దగ్గర రెండు కుర్చీలున్నాయి. ఒకదాంట్లో ఆమె కూర్చుంది. నేను రెండోదాంట్లో కూర్చున్నాను.

అక్క తల తిప్పలేదు. "లెయ్. అది మీ బావది."

"బావ లేడు కదక్కా."

"లేడని నాకు తెలీదా? లెయ్ రా."

లేచాను. వెనక చెక్కపెట్టె ఉంటే దాని మీద కూర్చున్నాను. ఒడ్డు సన్నగిల్లి కనపడకుండా పోయింది. నా ముందు రెండు కుర్చీల వీపులు. ఒకదాని పైన అక్క కొప్పు, రెండోదాని పైన ఏమీ లేదు, నీళ్లే. బతుకంతా కలవరించిన నడిసముద్రాన్ని నేను మొదటిసారి చూశాను, మా బావ కుర్చీ వెనక నుంచి.