వేలిముద్ర వెయ్యని వంటమ్మ

మా హాస్టల్ వంటమ్మ పోయిందని గజపతినగరం బస్సు కండక్టరు చెప్పాడు. "నిన్న పొద్దున్న పోనాదట మాస్టారూ. జొరమట," అని టిక్కెట్టు చేతిలో పెట్టి ముందుకు వెళ్లిపోయాడు. నేను దిగాల్సిన చోట దిగకుండా ఆమె ఊరిదాకా వెళ్లాను. అప్పటికే అంతా అయిపోయింది.

కొండల కింద ఉన్న మా గిరిజన హాస్టల్లో ఆమె ఆరేళ్లు వండింది. మైదానంలో వరి పండించే ఇంటి కోడలు. భర్త పోయాక ఈ పనికి వచ్చింది. సవర పిల్లలు ఆమెను అత్తా అనేవారు. అడ్డాకుల్లో వడ్డిస్తూ ఒక్కొక్కడినీ "సాలా నాయినా?" అని అడిగేది. చాలన్నా నమ్మేది కాదు, ఇంకో గరిటె వేసేది. ముక్కిపోయిన బియ్యం వస్తే బస్తా దింపనిచ్చేది కాదు. "సర్కారోడు పంపినాడని పురుగు పురుగు కాకపోద్దేటి?" అని బండివాడి మీద అరిచేది. హాస్టల్ మాస్టారుగా అరవాల్సింది నేను. నేను నవ్వి ఊరుకునేవాణ్ని.

రెండేళ్ల కిందట, కంది కోతల రోజుల్లో, ఒక ఆఫీసరు తనిఖీకి వచ్చాడు. వెంట ఫొటోలు తీసే మనిషి, జీపులో ఒక బస్తా కొత్త కందిపప్పు. గిరిజన విద్యార్థులు పప్పన్నం తింటున్న ఫొటో కావాలట. వంటమ్మ చేతులు జోడించింది.

"బాబూ, కొండమీద కంది కొత్తలు ఇంకా కాలేదు. దేవుడికి పెట్టి పండగ సేసుకున్నాకే ఆళ్లు కొత్త కంది ముట్టుకుంటారు. పాత ఉలవలున్నాయి, సారు కాస్తాను."

"పప్పుకి ముహూర్తమేమిటమ్మా?" అని ఆఫీసరు నవ్వాడు. వండక తప్పలేదు. పిల్లలు ఆకుల ముందు కూర్చున్నారు గానీ ఒక్కడూ చెయ్యి పెట్టలేదు.

ఆఫీసరు నవ్వు పోయింది. "ఈ సమ్మె ఎవరు నేర్పారు మీకు?" అన్నాడు. అప్పటికే కొండల్లో అలజడిగా ఉంది, ఆఫీసులకు ప్రతిదానికీ దడ. పెద్ద పిల్లలు ఏడుగురు కూడబలుక్కుని అందరిచేతా తిండి మానిపించారని కాగితం తయారైంది. ఆ ఏడుగురికీ హాస్టల్ సీటూ స్కాలర్‌షిప్పూ రద్దు. సాక్షులం నేనూ, వంటమ్మా. నేను సంతకం పెట్టేశాను. ఉద్యోగం పోతుందని భయం, అంతకు మించి కారణం లేదు. ఆమె మాత్రం సిరా పూసిన వేలిని కొంగుకు తుడిచేసుకుంది.

"నాను సూసింది పిల్లలు ఆకుల ముందు ఊరికే కూకోడం. అదే రాయండి, యేలిముద్ర యేస్తాను."

అలా ఎవరూ రాయలేదు. నెలాఖరుకు ఆమె పని పోయింది.

నాకు ఒళ్లు మండిపోతోంది. గిరిజన యువకుల అభ్యున్నతి అని గేటు మీది బోర్డుకు ఏటేటా రంగు వేయిస్తారు. ఆ యువకుల పండగ ఎప్పుడో ఏ కాగితంలోనూ రాసుకోరు. ఏం తింటారో, ఎందుకు తినరో తెలిసిన ఒక్క మనిషినీ ఇంటికి పంపేశారు. పంపేశారంటున్నాను, నేనూ పంపాను.

ఆ తర్వాత ఆమె ప్రతి సోమవారం పట్నం వెళ్లి ఆఫీసు వరండాలో కూర్చునేది, ఆ ఏడుగురినీ మళ్లీ చేర్చుకోమని. ఒకసారి అక్కడ నాకు ఎదురుపడింది. ఎందుకమ్మా ఈ తిరుగుడు అన్నాను.

"నాను వండిన కూటికాడే ఆళ్ల సదువు పోనాది. నాను కాపోతే ఎవులు అడుగుతారు?" అంది. మళ్లీ, "నాకు రాత రాదు మాస్టారూ. మీకు వస్తాది కదా," అంది.

తలూపి బస్సెక్కేశాను. ఆ మాటకు జవాబు రాయడానికి నాకు ఆమె చావు కావలసి వచ్చింది. ఆ కాగితం అబద్ధమని, నా సంతకం తప్పని మొన్న రాసి ఆఫీసులో ఇచ్చాను. గుమాస్తా చదివి పక్కన పెట్టాడు. "వాళ్లకి వయసు దాటిపోయింది మాస్టారూ, ఇంక తీసుకోరు," అన్నాడు.

ఆ ఏడుగురిలో నలుగురు ఇప్పుడు కొండమీదికి జీపులు పోయే రోడ్డుకు కంకర కొడుతున్నారు. ఆమె పోయిన కబురు చెప్పడానికి నేనే వెళ్లాను. పెద్దవాడు సుత్తి కింద పెట్టాడు. తలెత్తి అడిగాడు.

"ఆ కాయితం మీద మీ సంతకం ఇంకా ఉన్నాదా మాస్టారూ?"

"ఉంది," అన్నాను.

వాడు మళ్లీ సుత్తి అందుకున్నాడు. వెనకాల ఒక జీపు దారి ఇమ్మని హారన్ కొడుతూనే ఉంది. నలుగురిలో ఒక్కడూ లేవలేదు.