పేడముద్ద పెట్టిన వనమహోత్సవం

నాకు ఉద్యోగం దొరికిన కొత్తలో, అది ఎక్కడ పోతుందోనని భయపడటమే నా అసలు ఉద్యోగంగా ఉండేది. ఉయ్యూరు దగ్గర మా ఊరి బడిలో ఆయాగా చేరి అప్పటికి నెల కూడా కాలేదు. వనమహోత్సవానికి జీపులో పెద్దాఫీసరు గారు వస్తున్నారని, ఆయన నాటాల్సిన వేపమొక్కను పెద్ద టీచరమ్మ ముందురోజే నా చేతికిచ్చి, "దీనికేమన్నా అయిందా, ఎల్లుండి నుంచి నువ్వు రానక్కర్లేదు" అన్నారు. బడిలో ఉంచితే పిల్లలు తొక్కుతారని ఇంటికి పట్టుకెళ్ళాను. (నా తెలివి చూడండి, మా ఇంట్లో మేక ఉంది.) తెల్లారి చూస్తే కవర్లో మట్టీ, పుల్లా మిగిలాయి.

అమ్మ తిట్టలేదు. పెరట్లో మునగకొమ్మ ఒకటి నరికి, కోసిన చోట ఎండిపోకుండా అలవాటు కొద్దీ పైన పేడముద్ద అద్ది, "ఇదీ చెట్టేగా, పట్టుకుపోవే" అంది. కొమ్మ భుజానేసుకుని పరిగెత్తాను. నేను గుంట పక్కకు చేరేసరికి జీపు ఆగింది. టీచరమ్మ వైపు చూసే ధైర్యం లేదు. ఆఫీసరు గారు ఫొటో కోసం నవ్వుతూ కొమ్మను పైకొసనే పట్టుకున్నారు. పిడికిలి నిండా పేడ! ఆయన చెయ్యి చూసుకుని, తర్వాత కొమ్మ అడుగు చూశారు.

"వేర్లేవమ్మా దీనికి?"

"వస్తాయండీ."

"ఎప్పుడు?"

"తమరు నాటాకండీ."

ఆయన నవ్వలేదు. నాటి, చెయ్యి కడుక్కుని, "నెలకొచ్చి చూస్తా. చిగురెయ్యకపోతే ఈ అమ్మాయి సంగతి మీరే చూడండి" అని టీచరమ్మతో చెప్పి వెళ్ళిపోయారు.

ఇక చూడండి నా అవస్థ. పూటకో బిందె పోశాను. "కుళ్ళిపోద్దే పిచ్చిమొహమా!" అని అమ్మ బిందె లాక్కుంది. పొయ్యకపోతే ఎండిపోతుందని దిగులు. రోడ్డు మీద జీపు చప్పుడైతే చాలు, చేతిలో చీపురు జారిపోయేది. ఇరవయ్యో రోజున కణుపు దగ్గర పెసరగింజంత పచ్చన కనపడింది. టీచరమ్మను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. (ఎవరి చెయ్యి పట్టుకున్నానో తర్వాత గుర్తొచ్చి చెమటలు పట్టాయి.) ఆవిడ కళ్ళజోడు సర్దుకుని వంగి చూసి, "నీ ఉద్యోగం చిగురేసిందే" అన్నారు. ఆఫీసరు గారు మాత్రం రానేలేదు. బదిలీ అయిందట.

మరుసటేడు ఆ చెట్టుకొమ్మలే పిల్లలకు తలా ఒకటి ఇచ్చి పంపాం. పక్కూరి బడివాళ్ళూ అడిగి పట్టుకెళ్ళారు, వాళ్ళ దగ్గర మరో ఊరివాళ్ళు. ఇప్పుడు మా చుట్టుపక్కల వనమహోత్సవమంటే మునగకొమ్మే, పేడముద్దతో సహా. మొన్న బడిలో కుర్ర మాస్టారొకాయన మైకులో, "పేదింటికి కూర పెట్టే చెట్టు కావాలని ముందుచూపున్న ఒక ఆఫీసరు గారు ఈ ఆచారం మొదలుపెట్టారు" అన్నాడు. వెనక బెంచీలో కూర్చుని నేనూ చప్పట్లు కొట్టాను. నిజం చెప్పినా ఇప్పుడు నన్ను ఎవరూ తీసెయ్యలేరు, రిటైరై ఎన్నో ఏళ్ళయింది. అయినా నోరు పెగల్లేదు. కొమ్మ భుజానేసుకుని పరిగెత్తిన ఆనాటి ఆ బక్కపిల్ల నా కొంగు పట్టుకుని, "మామ్మా, చెప్పమాకు" అని బతిమాలుతున్నట్టే అనిపించింది.