బాజీ గారి బొటనవేలు

ఈ దసరాకి నా కుడి అరచేయి కాలింది. ఇంకా పచ్చిగానే ఉంది. ఎంత మందు రాసినా కర్పూరం వాసన పోలేదు, లేదా పోలేదని నాకే అనిపిస్తోందేమో. పటమటలో మా అపార్టుమెంటు కింద అమ్మవారికి హారతి ఇస్తున్నారు. పక్క ఫ్లాటు సుబ్బలక్ష్మి గారు కళ్ళకద్దుకోవడానికి వంగితే పట్టుచీర కొంగు జారి మంట మీదకి వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా "అయ్యో, అయ్యో" అన్నారు. నేను అరవలేదు. మంటకీ కొంగుకీ మధ్య నా చెయ్యి వెళ్ళిపోయింది, అంతే. "కేకేస్తే సరిపోయేదిగా, నీకేమన్నా పిచ్చా?" అని మా ఆయన ఇప్పటికీ సాధిస్తున్నారు. అది నా తెలివి కాదండీ, బాజీ గారి దగ్గర అబ్బిన అలవాటు అంటే వినిపించుకోరు. మీకన్నా చెప్పుకుంటాను.

బాజీ గారు మా ప్రదర్శనశాలలో పాత ఆయుధాలు బాగుచేసేవారు. వాళ్ళ నాన్నగారికి వన్‌టౌన్‌లో తుపాకులు రిపేరు చేసే కొట్టుండేదట. నేను అద్దాల పెట్టెల పక్కన పెట్టే వివరాలు రాసేదాన్ని, కాబట్టి ప్రతి వస్తువు గురించీ ఆయన్ని తినేసేదాన్ని. ఆయనకో అలవాటు ఉండేది. కొత్త వస్తువు ఏది వచ్చినా ముందు చేతులు వెనక్కి కట్టుకుని దాని ఎదురుగా కూర్చునేవారు. టీ చల్లారిపోయినా కదిలేవారు కాదు. నాకేమో ఓపిక తక్కువ. "ఏంటండీ అలా చూస్తారు, అది లేచి పలకరిస్తుందా?" అన్నానొకసారి. "పలకరించేదాకా చూడాలమ్మా. మనకి తొందరగానీ దానికేం తొందర?" అన్నారు. చాదస్తం అనుకున్నాను, పైకే అన్నాను కూడా. ఆయన నవ్వేశారు.

హనుమాన్ జంక్షన్ దాటాక లోపలికి ఒక ఊళ్ళో రత్తమ్మ గారని ఒక పెద్దావిడ ఉండేవారు. వాళ్ళింట్లో తరతరాలుగా వస్తున్న రివాల్వరు ఒకటి పెట్టెతో సహా మాకిస్తామన్నారు. ఆయుధపూజకి తప్ప అది దేవుడి గదిలోంచి బయటికి వచ్చేది కాదట. ఇద్దరం వెళ్ళాం. ఆవిడ తడి చీరతోనే పెట్టె తెచ్చి హాల్లో బల్ల మీద పెట్టి మూత తీశారు. ముదురు రంగు చెక్క, లోపల ఆకుపచ్చ గుడ్డ, ఆ గుడ్డలో ప్రతి వస్తువుకీ దాని ఒంటికి సరిపోయే గూడు. తుపాకిమందు పోసుకునే చిన్న కుప్పె ఒక గూట్లో, సీసం గుండ్లు పోతపోసే మూస ఇంకో గూట్లో. మధ్యలో రివాల్వరు. దాని లోహం మీద సన్నటి తీగలు, ఆకులు చెక్కి ఉన్నాయి. వాటి మీద ఏళ్ళ తరబడి పెట్టిన గంధం, పసుపు, కుంకుమ గట్టిపడి ఉన్నాయి. మనుషుల్ని చంపడానికి చేసిన వస్తువు మీద ఇంత ప్రేమగా పనిచేసిన చేతులు ఎవరివో అనుకున్నాను. బాజీ గారు అలవాటుగా చేతులు వెనక్కి కట్టుకున్నారు.

రత్తమ్మ గారబ్బాయి ప్రసాద్ గారు మంచి హుషారైన మనిషి. "చిన్నప్పట్నుంచీ ముట్టుకోనిచ్చింది కాదండీ మా అమ్మ. ఎలాగూ ఇచ్చేస్తున్నాంగా, ఒక్క ఫొటో!" అని చటుక్కున తీసుకున్నారు. ఆవిడ "ఒరేయ్, స్నానమన్నా చెయ్యకుండా..." అంటూనే ఉన్నారు. కాలేజీలో చదువుతున్న ఆయన కూతురు హాసిని ఫోను ఎత్తింది. ఈయన సినిమా హీరోలాగా గొట్టం తన కణతకి ఆనించుకుని, వెనకనున్న సుత్తిలాంటి ముక్కని బొటనవేలితో వెనక్కి లాగారు. దాన్ని బాజీ గారు గుర్రం అనేవారు. అంత పాత వస్తువు కిర్రుమనలేదు. నిన్న చేసినట్టు మెత్తగా కదిలింది. "నాన్నా, నవ్వు!" అంది హాసిని.

నేను చూసింది ఇంతే. నా పక్కన ఉన్న బాజీ గారు ఒక్క అంగలో ఆయన దగ్గరున్నారు. నోరు మెదపలేదు. ప్రసాద్ గారు నవ్వుతూ మీట నొక్కారు. టక్కుమని వినబడాల్సిన చోట మెత్తటి చప్పుడేదో వినబడింది. గుర్రం కింద బాజీ గారి బొటనవేలు ఉంది. గోరు పక్కనుంచి రక్తం కారుతోంది.

"ఏంటండీ ఇది! ఉత్త తుప్పుముక్కకి..." అన్నారు ప్రసాద్ గారు చిరాగ్గా.

"ఒక్క నిమిషం బాబూ, కదలకండి," అని బాజీ గారు రెండో చేత్తో గొట్టాన్ని మనుషుల్లేని గోడవైపు తిప్పి, గుర్రాన్ని ఎత్తి వేలు విడిపించుకున్నారు. తర్వాత చీపురుపుల్ల అడిగారు. ఆ రివాల్వరు సిలిండర్లో గుండుకో అర ఉంటుంది. ముందువైపు అరల మూతుల్ని గంధం కప్పేసింది. పుల్లతో గీకితే లోపల సీసం గుండు. పక్కది గీకారు, అక్కడా గుండే. అన్నీ నిండి ఉన్నాయి. వెనకవైపు ప్రతి అరకీ చిటికెన గోరంత రాగి టోపీ. వాళ్ళంతా అది రివాల్వర్లో భాగమే అనుకున్నారు, నేనూ అనుకున్నాను. గుర్రం దాని మీద పడితే నిప్పు పుడుతుంది, ఆ నిప్పుకి లోపలి మందు అంటుకుంటుంది. "ఆయన పైకెత్తినప్పుడు కిటికీ వెలుగులో టోపీ మెరిసిందమ్మా. ఖాళీ తుపాకీకి ఎవరూ టోపీ పెట్టరు," అన్నారు నాతో.

ప్రసాద్ గారు చేతుల్లో తల పెట్టుకుని కూర్చుండిపోయారు. రత్తమ్మ గారు గోడకి జారగిలబడ్డారు. "ఏటేటా హారతిచ్చాను కదయ్యా దానికి! పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని మరీ ఇచ్చాను!" బాజీ గారు వేలికి గుడ్డ చుట్టుకుంటూ ఆవిడ ఎదురుగా నేలమీద కూర్చున్నారు. "ఇన్నేళ్ళూ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు మీరు. మీ మడే ఇంతమందినీ కాపాడిందమ్మా. మీరు బాధపడకూడదు." ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చారు. మడి చీరలో ఉన్నానన్న సంగతే మర్చిపోయారు.

తర్వాత పైవాళ్ళ అనుమతులన్నీ తీసుకుని, ఆయన ఆ గుండ్లు తీసినప్పుడు నేను దూరంగా నిలబడి చూశాను. అడుగునుంచి నల్లటి మందు పొడి రాలింది. చిటికెడు తీసి ప్రదర్శనశాల పెరట్లో ఇటుక మీద వేసి, పొడుగాటి కర్రకి కట్టిన అగరొత్తి తగిలించారు. భుస్సుమని మంట, తెల్లటి పొగ! మన కృష్ణా జిల్లా తేమకి అప్పడాలే నిలవుండవు. ఆ మందు నింపినవాడు పోయాడు, వాడి మనవలు కూడా పోయే ఉంటారు, అది మాత్రం ఎదురుచూస్తూ కూర్చుంది. బాజీ గారు పొగకేసి చూస్తూ, "ఎంత పనివాళ్ళమ్మా! వెంట్రుకవాసి సందు కూడా ఉంచలేదు," అన్నారు. పిడి విప్పి లోపలి ముక్కల మీద కొట్టిన చిన్న చిన్న గుర్తులు చూపించారు. "మూత మీదున్నది కంపెనీ పేరు. చేసినవాళ్ళు వీళ్ళు. స్ప్రింగువాడు ఒకడు, గొట్టంవాడు ఒకడు, ఆకులు చెక్కినవాడు ఒకడు." ఆ గుర్తుల్ని దెబ్బ తగిలిన వేలితోనే తడిమారు. వాళ్ళ పని చూసి ఆయన మురిసిపోతున్నారు, ఆయన్ని చూసి నేను. గంధం మరకలు మాత్రం తుడవలేదు. "అవి రత్తమ్మ గారి పని. మనకెందుకు?" అన్నారు.

ఆరోజే అడిగాను, ఎందుకు అరవలేదని.

"అరిస్తే ఉలిక్కిపడతాడు. ఉలిక్కిపడితే నొక్కుతాడు. ముందు చెయ్యి పెట్టాలమ్మా, మాటలు తర్వాత చెప్పుకోవచ్చు."

ఆ గోరు మళ్ళీ సరిగ్గా రాలేదు. నిరుడు బాజీ గారు పోయారు. సంతాప సభకి ఫొటో కావాలని ఆఫీసంతా వెతికాం, ఒక్కటీ దొరకలేదు. ఎవరైనా కెమెరా తీస్తే పక్కకి జరిగిపోయే మనిషి. నా దగ్గరున్నదల్లా హాసిని పంపించిన ఫొటో ఒక్కటే. సరిగ్గా మీట నొక్కిన క్షణంలోనే పడింది అది. అందులో ప్రసాద్ గారు పళ్ళికిలించి నవ్వుతూ ఉంటారు. ఫ్రేము అంచునుంచి ముసలి చెయ్యి ఒకటి లోపలికి వచ్చి ఉంటుంది.

పొద్దున సుబ్బలక్ష్మి గారు నా చెయ్యి చూడ్డానికి వచ్చారు. కాలిన చోట ఊదుతూ, "ఇలా అడ్డం పడమని ఎవరు నేర్పారే నీకు?" అన్నారు. ఫోను తీసి ఆ ఫొటో చూపించాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని అందులో ముఖం కోసం వెతికారు. "ఈ నవ్వుతున్నాయనా?" కాదని తలూపి, గుర్రం కిందున్న వేలి మీద నా వేలు పెట్టాను. జరిగింది చెప్పాను. ఆవిడ నా చేతిలోంచి ఫోను తీసుకుని, మొన్న కొంగు జారడంతో తీసుకోలేకపోయిన హారతిని ఇప్పుడు అద్దుకుంటున్నట్టు, ఆ వేలిని కళ్ళకద్దుకున్నారు.