రేకు చొక్కా

ఆళ్లగడ్డ ఆఫీసులో మా హెడ్ గుమాస్తాకు ఒక అలవాటుండేది. ఎవరు ఎదురైనా వాళ్ల చొక్కా అంచును రెండు వేళ్లతో నలిపి చూసేవాడు.

ఎండాకాలంలో నంద్యాల నుంచి బస్సులో బనీనుతోనే వచ్చేవాడు. సంచిలో ఉతికిన నూలు చొక్కాలు రెండుండేవి. ఆఫీసు వెనక మెడ కడుక్కుని, చెమట ఆరాక ఒకటి తొడుక్కునేవాడు. రెండోది మధ్యాహ్నానికి. కొత్తగా చేరిన నాకు అది చూస్తే నామోషీగా ఉండేది. నేను మండుటెండలో కూడా గాలాడని టెర్లిన్ పొడుగు చేతుల చొక్కా టక్ చేసుకుని వెళ్లేవాణ్ణి.

తనిఖీ రోజున నా చెమట కారి, రిజిస్టరులో అప్పుడే రాసిన సిరా అలుక్కుపోయింది. ఆయన నా చొక్కా నలిపాడు.

“ఇది గుడ్డనా, రేకా? ఇప్పప్పా దీన్ని. నా సంచిలోది తొడుక్కో, బేగా!”

ఆ చొక్కా నాకు మోకాళ్ల దాకా వేలాడింది. అంతలో పెద్ద ఆఫీసరు కోటు, టైతో లోపలికొచ్చి నా ముందే ఆగాడు.

“ఆఫీసుకు ఈ వేషమేంటి?”

నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. వేలాడే అంచును గబగబా ప్యాంటులోకి దోపుకోబోయాను. ఈలోగా హెడ్ గుమాస్తా వేళ్లు, అలవాటు కొద్దీ, ఆఫీసరు కోటు అంచును నలిపేశాయి.

“ఇదీ రేకే సార్,” అన్నాడు.

ఆఫీసరు మెడ తుడుచుకుని, టై వదులు చేసుకున్నాడు.

“రేకేనయ్యా. అట్లాంటి చొక్కా ఇంకోటుందా?”

హెడ్ గుమాస్తా తన చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాడు.